స్టీరింగ్ బిగుసుకుంటే తప్పు మన చేతులదా?



కిందటి వారం మిక్సీ జారు అడుగునుంచి నీళ్ళు కారితే ఏం చెయ్యాలో చెప్పుకున్నాం. ఈ వారం వంటింట్లోంచి వాకిట్లోకి వద్దాం. మీ వాకిట్లో కారుందా? ఉంటే అది పాతదా? దాన్ని మలుపు తిప్పినప్పుడల్లా మీ భుజాలు లాగుతున్నాయా? అయితే ఈ ముచ్చట మీకోసమే. కారు లేనివాళ్ళు కూడా పేజీ తిప్పెయ్యకండి. ఆడపడుచుకో, పిన్నికో చెప్పడానికి పనికొస్తుంది.

మాది హనుమాన్ జంక్షన్‌కి దగ్గర్లో ఒక పల్లె. జంక్షన్ సంగతి మన కృష్ణా జిల్లా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. విజయవాడకీ ఏలూరుకీ మధ్య పెద్ద హైవే మీద, ఒక పక్కనుంచి నూజివీడు రోడ్డు, ఇంకో పక్కనుంచి గుడివాడ రోడ్డు వచ్చి కలిసే చోటు. ఆంజనేయస్వామి గుడి ఉండబట్టే ఆ పేరు వచ్చింది. ఎండాకాలం మామిడికాయల బళ్ళు, కోతలప్పుడు ధాన్యం లారీలు, ఎప్పుడు చూసినా చేపల లారీలు, బస్సులు, ఆటోలు. అక్కడ కారు మలుపు తిప్పడమంటే తిరునాళ్ళలో నెత్తిన బిందె పెట్టుకుని నడవడమే!

మా కారు మామయ్యగారు కొన్నది. పవర్ స్టీరింగ్ లేని పాతకాలం చిన్నకారు. ఆయన పోయాక తాళం చెవి నా చేతికొచ్చింది. మావారికి పొరుగూళ్ళో ఉద్యోగం, వారానికోసారి వస్తారు. అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ అయింది. నెలకోసారి విజయవాడ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాలి. ఆ పని నాదే.

మొదట్లో బాగానే నడిచింది. రానురాను స్టీరింగ్ బరువెక్కింది. ఒక్కరోజులో కాదు, నెలల తరబడి మెల్లమెల్లగా. అందుకే నాకూ తెలియలేదు. ఇంట్లో అంటే, "పాత బండి అంతేలే, నీ చేతికి బలం చాలదు" అన్నారు మావారు. పక్కింటాయనా అదే మాట. నేనూ నిజమేననుకున్నాను.

ఒకరోజు జంక్షన్‌లో నూజివీడు రోడ్డు వైపు తిరగబోతుంటే స్టీరింగ్ సగంలో పట్టేసింది. రెండు చేతులా లాగినా రాలేదు. కారు రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. ఎదురుగా వస్తున్న బస్సు కీచుమని ఆగింది. పక్కన అత్తయ్యగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. "చేతకాకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా అమ్మా" అని ఎవరో అరిచారు. ఇంటికొచ్చి తాళం చెవి మేకుకి తగిలించాను. మళ్ళీ రెండు నెలలు ముట్టుకోలేదు.

ఆ రెండు నెలలూ ఆటో, బస్సు, మళ్ళీ ఆటో. అత్తయ్యగారు పల్లెత్తు మాట అనలేదు గానీ ఇంటికొచ్చేసరికి పాదాలు వాచిపోయేవి. మూడో నెల, "ఈసారి కన్ను బాగానే ఉందమ్మాయ్, డాక్టరు దగ్గరకి వద్దులే" అన్నారు. కన్ను బాగుండి కాదు, ప్రయాణానికి ఓపిక లేక! ఆ మాటతో నా మనసు చివుక్కుమంది.

ఆ సాయంత్రం జాకెట్లు తెచ్చుకోవడానికి మా వీధిలో కుట్టుపని చేసే వదిన దగ్గరకి వెళ్ళి ఇదంతా వెళ్ళబోసుకున్నాను. ఆవిడ మిషన్ ఆపి నావంక చూసింది. "ఈ చక్రం తిరగడం మానేస్తే నేనేం చేస్తాను వదినా? కాస్త నూనె వేస్తాను, దారం ఇరుక్కుందేమో చూస్తాను. నా చేతుల్ని తిట్టుకోను కదా! మరి కారుకి మాత్రం నీ చేతుల్ని తిట్టుకుంటావేం?"

నిజమే కదండీ! నిన్న తిరిగినది ఇవాళ తిరగడం లేదంటే మారింది బండే. చేతులు అవే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతాదంతా వెతుకులాటే.

అసలు స్టీరింగ్ అంటే

మన చేతిలోని చక్రం నుంచి ఒక కడ్డీ కిందికి దిగుతుంది. అది తిన్నగా ఉండదు, మధ్యలో వంగడానికి ఒకటి రెండు జాయింట్లు ఉంటాయి. దాని చివర చిన్న పళ్ళచక్రం. ఆ పళ్ళచక్రం అడ్డంగా ఉన్న పళ్ళకడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. ఆ కడ్డీనే మెకానిక్కులు 'రాక్' అంటారు. రాక్ రెండు కొసలూ టైరాడ్ల ద్వారా ముందు చక్రాలను తిప్పుతాయి. మన పాత అంబాసిడర్‌లోనూ, 1983లో వచ్చిన మారుతీ 800లోనూ ఇదే ఏర్పాటు. పద్మినిలో రాక్ బదులు నూనె పోసే స్టీరింగ్ బాక్సు ఉంటుంది. ఈ కార్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అంబాసిడర్, మారుతీ 800 రెండూ 2014లోనే ఆగాయి. అయినా మన ఊళ్ళలో ఇంకా కొన్ని తిరుగుతూనే ఉన్నాయి.

చక్రం నుంచి టైరు దాకా ఈ దారిలో ఎక్కడ గ్రీజు ఎండినా, తుప్పు పట్టినా, ఆ బరువంతా మన భుజం మీదే పడుతుంది. ఎక్కడో తెలుసుకోవడమే మన పని.

ముందు నాలుగు ప్రశ్నలు

డాక్టరు దగ్గరకి వెళితే "ఎప్పటినుంచి? ఎక్కడ? ఏం తిన్నావు?" అని అడుగుతారు కదా. బండినీ అలాగే అడగండి.

1. బరువు నిలబడి ఉన్నప్పుడేనా, నడుస్తున్నప్పుడూనా? పవర్ లేని కారు నిలబడి ఉన్నప్పుడు బరువుగా ఉండటం సహజం. నడుస్తున్నా బరువుగా ఉంటే జబ్బు ఉన్నట్టే.

2. అంతటా ఒకేలా ఉందా, లేక ఒకచోట తేలికగా, ఒకచోట బిగువుగా ఉందా? అంతటా ఒకేలా ఉంటే ముందు టైర్లను అనుమానించండి. తిప్పుతూ పోతే తేలిక, బిగువు, మళ్ళీ తేలిక, మళ్ళీ బిగువు అని వస్తూంటే కడ్డీలోని జాయింటు తుప్పు పట్టి ఉండవచ్చు.

3. మలుపు తిరిగాక పట్టు కాస్త వదిలితే చక్రం దానంతట అదే తిన్నగా వస్తుందా? రాకపోతే ఎక్కడో పట్టేస్తోందన్నమాట.

4. దేని తర్వాత మొదలైంది? కొత్త టైర్లు వేయించాకా? గోతిలో పడ్డాకా? వరద నీళ్ళలో నడిపాకా? అందం కోసమని వెడల్పు టైర్లు వేయిస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది. అలైన్‌మెంట్ సరిగా చేయకపోయినా అంతే.

వరద మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళతోపాటు ఎన్నో బళ్ళు నీళ్ళలో నానాయి. అలా నానిన బండికి ఇంజను బాగుచేయించి ఊరుకుంటే చాలదు. జాయింట్లలో మిగిలిన తడి తుప్పు పట్టి, కొన్ని నెలల తర్వాత స్టీరింగ్‌లో బయటపడుతుంది. అలాంటి బండి కొంటున్నా, వాడుతున్నా ఇది మరిచిపోవద్దు.

ఇంట్లో చేసుకునే పరీక్ష

కావలసినవి: టైరు గాలి కొలిచే గేజు ఒకటి, బ్యాటరీ లైటు, చిన్న అద్దం, పాత గుడ్డ, ఒక కాగితం, పెన్సిలు.

చేసే విధానం: పొద్దున్నే, బండి బయటికి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద గానీ, బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. పక్కింటివారి కారు లెక్క మన కారుకి పెట్టకండి. ముందు టైర్లలో గాలి తగ్గితే రబ్బరు రోడ్డుకి ఎక్కువగా అతుక్కుంటుంది. నీళ్ళు ఎక్కువైన చపాతీ పిండి పీటకి అంటుకున్నట్టే. అలాగని లెక్కకు మించి కొట్టించకండి. స్టీరింగ్ తేలికవుతుంది గానీ వానలో టైరు జారుతుంది.

మా కారులో ఉండాల్సిన దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ ఉందంతే! పంక్చర్ షాపులో గాలికి ఇచ్చింది 20 రూపాయలు. సగం బరువు అక్కడే దిగింది. రెండు నెలలపాటు నా చేతుల్ని తిట్టుకున్నదాంట్లో సగం ఈ 20 రూపాయల కోసమన్నమాట!

తర్వాత స్టీరింగ్‌ను ఒక పక్కకి పూర్తిగా తిప్పి ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం వెనక లైటు వేసి అద్దంతో చూడండి. అకార్డియన్ పెట్టె మడతల్లాంటి రబ్బరు తొడుగు కనిపిస్తుంది. అదే రాక్ బూటు. అది చిరిగితే లోపలి గ్రీజులోకి నీరూ మట్టీ చేరతాయి. మనది డెల్టా. కాలవగట్ల రోడ్లు, పొలాలనుంచి ట్రాక్టర్లు మోసుకొచ్చే నల్లరేగడి బురద. ఆ బురద బూటులోకి పోతే తిరగలిలో ఇసక పోసినట్టే. మా కారుకి ఎడమవైపు బూటు చిరిగి ఉంది. కాగితం మీద రాసుకున్నాను.

ఇంతవరకే మన పని. బండి కిందికి దూరకండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కింద చెయ్యి కూడా పెట్టకూడదు. అది జారితే మనిషి దక్కదు.

షెడ్డులో అడగాల్సిన మాట

ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. అతను బానెట్ ఎత్తకుండానే, "రాక్ మొత్తం మార్చాలి మేడమ్" అన్నాడు. పదివేలకు పైనే చెప్పాడు. నేను కాగితం తీసి, "మార్చేముందు తప్పు ఎక్కడుందో నాకు చూపించు బాబూ" అన్నాను. అతనికి నచ్చలేదు. నేనూ నొచ్చుకోలేదు, వచ్చేశాను. రెండోచోట పెద్దాయన ఓపిగ్గా చూపించాడు. ఆయన చేసిన వరస మీకూ చెబుతాను, గుర్తుంచుకోండి.

మొదట ముందు చక్రాలు రెండూ నేలనుంచి లేచేలా ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టాలి. ఇప్పుడు స్టీరింగ్ తిప్పి చూడాలి. తేలికగా తిరిగితే జబ్బు టైర్లలోనో, అలైన్‌మెంట్‌లోనో, బండి బరువు మోసే పై బేరింగులోనో ఉంటుంది. గాలిలో కూడా బిగుసుకునే ఉంటే జబ్బు స్టీరింగ్ దారిలోనే ఉంది.

మాది గాలిలో కూడా బిగువే.

రెండోది, టైరాడ్ కొసలు విడదీసి చక్రాలను చేత్తో అటూ ఇటూ తిప్పాలి. చక్రమే బిగువుగా ఉంటే బాల్ జాయింట్లు ఎండిపోయినట్టు. మాకు చక్రాలు హాయిగా తిరిగాయి. స్టీరింగ్ మాత్రం ఇంకా మొరాయిస్తూనే ఉంది.

మూడోది, కడ్డీని రాక్ నుంచి విడదీసి రెండిటినీ విడివిడిగా చూడాలి. మాకు రాక్ నునుపుగా జరిగింది. కడ్డీ కింది జాయింటు మాత్రం గోధుమరంగు తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. "దొరికిందమ్మా దొంగ" అన్నాడు పెద్దాయన. అంతకు ముందు వానాకాలం మోకాలి లోతు నీళ్ళలోంచి బండి నడిపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

కొత్త జాయింటు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాడు. చిరిగిన బూటు మార్చి, శుభ్రం చేసి, కొత్త గ్రీజు పెట్టాడు. చివర్లో అలైన్‌మెంట్ చేయించాం. టైరాడ్ విప్పాక అది తప్పనిసరి. అన్నీ కలిపి మొదటి అతను చెప్పినదాంట్లో నాలుగోవంతు కూడా కాలేదు.

ఇంకో మాట. బిగుసుకున్న జాయింటు మీద నూనె చల్లితే రెండు రోజులు తేలికవుతుంది. అది రోగం నయమవడం కాదు, జ్వరానికి మాత్ర వేసుకోవడం లాంటిది. స్టీరింగ్ జాయింటు విషయంలో ఆ సర్దుబాటు వద్దు. మార్పించెయ్యండి. అంబాసిడర్ లాంటి పాత బళ్ళకి మాత్రం గ్రీజు కొట్టడానికి చిన్న నిప్పిళ్ళు ఉంటాయి. పుస్తకంలో చెప్పిన గడువు ప్రకారం గ్రీజు గన్‌తో కొట్టిస్తూ ఉంటే చాలు.

పవర్ స్టీరింగ్ ఉన్నవాళ్ళకి

పవర్ స్టీరింగ్ కొత్తదేం కాదు. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926 నాటికే చేసి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కారులో దాన్ని 1951లో క్రైస్లర్ కంపెనీ పెట్టింది. మన ఇళ్ళకి చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇందులో రెండు రకాలు. నూనెతో నడిచేది ఒకటి. దీనికి బానెట్ కింద చిన్న డబ్బా, దాని మీద గీతలు ఉంటాయి. నూనె కింది గీతకంటే తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. పోసి ఊరుకోకుండా కారే చోటు వెతికించండి. మూత మీదో, పుస్తకంలోనో చెప్పిన నూనె తప్ప వేరేది వద్దు. బ్రేక్ ఆయిల్ అసలు పోయకూడదు, లోపలి రబ్బర్లు పాడవుతాయి. తిప్పేటప్పుడు కీచుమంటే బెల్టు వదులై ఉండవచ్చు. గ్రైండర్ బెల్టు వదులైతే రాయి మొరాయించడం మనకి తెలిసిందేగా!

రెండోది కరెంటుతో నడిచేది. దీనికి నూనె డబ్బా ఉండదు. బిగుసుకున్నప్పుడు డాష్‌బోర్డులో స్టీరింగ్ గుర్తు వెలుగుతుంది. బ్యాటరీ నీరసపడినా, ఫ్యూజు పోయినా ఇలా జరగవచ్చు. ముందు బ్యాటరీ చూపించండి. చాలామంది పెద్ద ఖర్చుకి సిద్ధపడి, చివరికి బ్యాటరీ మార్చి వస్తారు.

ఈలోగా చేతులకు సాయం

నిలబెట్టిన బండిలో స్టీరింగ్ తిప్పకండి. బండి కొంచెం కదులుతూండగా తిప్పితే సగం శ్రమ తగ్గుతుంది. సీటు ముందుకి జరుపుకోండి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు చక్రం పైభాగాన ఆనాలి. పొట్టిగా ఉన్నవాళ్ళు జారని మెత్త ఒకటి వేసుకోండి. పెట్రోలు ఆదా అని పల్లంలో ఇంజను ఆపి బండిని దొర్లించకండి. తాళం తీస్తే స్టీరింగ్ లాకవుతుంది, బ్రేకు బిగువవుతుంది.

ఇవి కనిపిస్తే మాత్రం ఆ రోజుకి బండి తీయవద్దు: బరువు ఉన్నట్టుండి రావడం, తిప్పేటప్పుడు టక్‌టక్‌మని చప్పుడు, తిప్పిన చక్రం తిరిగి రాకపోవడం, స్టీరింగ్ సగంలో పట్టెయ్యడం. కాలవలో కారు పడిన వార్తలు మన పేపర్లలో చదువుతూనే ఉంటాం. గట్టు రోడ్డు మీద ఒక్క మలుపు తిరక్కపోయినా చాలు. నేను ఆ రెండు నెలలు బండి తీయకపోవడం మంచిదే. చూపించకుండా మేకుకి తగిలించడమే తప్పు.

పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే తనిఖీ చేయిస్తారు కదా. దానికోసం ఎదురుచూడకుండా ఏడాదికోసారి వానలు వెలిశాక బూట్లు, జాయింట్లు చూపించండి. గాలి మాత్రం పదిహేను రోజులకోసారి మీరే చూసుకోండి.

కార్ల చరిత్రలో ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు భర్త చేసిన కారులో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి పుట్టింటికి వెళ్ళింది. అంత దూరం కారులో వెళ్ళినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో తనే బాగుచేసుకుంది. ఆవిడకి పిన్ను, మనకి గాలి గేజు!

బండి షెడ్డునుంచి వచ్చిన మరుసటి వారం అత్తయ్యగారిని విజయవాడ తీసుకెళ్ళాను. డాక్టరు కన్ను చూసి, చుక్కల మందు మార్చారు. ఇంకో నెల ఆలస్యమైతే ఇబ్బందయ్యేదన్నారు. వచ్చేటప్పుడు జంక్షన్‌లో అదే మలుపు. స్టీరింగ్ మెత్తగా తిరిగి, తనంతట తనే తిన్నగా వచ్చింది. అత్తయ్యగారు కళ్ళు తెరుచుకునే ఉన్నారు. "స్వామి గుడి దగ్గర ఒక్క నిమిషం ఆపమ్మాయ్, కొబ్బరికాయ కొట్టి వద్దాం" అన్నారు.

మీ కారు స్టీరింగ్ ఎలా ఉందో రాయండి. ఎక్కడ బిగుసుకుంది, ఎవరేం చెప్పారు, చివరికి ఏం తేలింది అన్నీ రాయండి. వచ్చే వారం ఫ్రిజ్ తలుపు రబ్బరు సంగతి చూద్దాం. ఉంటాను మరి.